ఆయన ఇంట్లో లేరండీ

మొగుడు ఇంట్లో ఉండగా లేరని ఒక్కసారైనా చెప్పని ఇల్లాలు ఉంటుందంటే నేను నమ్మను. చందాల వాళ్ళు వచ్చినప్పుడు చెప్తాం. చేబదులు అడిగే చుట్టం వచ్చినప్పుడు చెప్తాం. మధ్యాహ్నం కునుకు తీస్తున్న మనిషిని లేపబుద్ధి కాక చెప్తాం. అది అబద్ధమని కూడా అనిపించదు మనకి. అలాంటి మాట గురించి డెబ్భై ఏళ్ళు దాటిన హాలీవుడ్ సినిమా ఒకటి నన్ను కూర్చోబెట్టి నిలదీస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

దసరా సెలవులకి మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. దానికి పాత ఇంగ్లీషు సినిమాల పిచ్చి. నేనూ మా అత్తగారూ హాల్లో చాప పరుచుకుని, నెయ్యి గిన్నె, బెల్లం తురుము ముందేసుకుని పూతరేకులు చుడుతున్నాం. ఆత్రేయపురంలో ఉన్నాక సెలవులకొచ్చిన పిల్ల ఒట్టి చేతులతో తిరిగి వెళ్తే ఊరుకోరు కదా, దాని స్నేహితులు. అది లాప్‌టాప్ తెచ్చి మా ఎదురుగా బల్ల మీద పెట్టి, "అమ్మా, ఇది గంటన్నర కూడా ఉండదు, చూడు" అని 'హై నూన్' పెట్టింది. 1952లో వచ్చిన సినిమా. నలుపు తెలుపు. అత్తగారికి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. "గుర్రాలున్నాయిగా, నేనూ చూస్తాను" అన్నారు.

కథ చిన్నదే. అమెరికాలో ఒక చిన్న ఊరు. ఆ ఊరి మార్షల్ విల్ కేన్. మన లెక్కలో ఊరి రక్షణ చూసే పోలీసు అధికారి అనుకోండి. ఆ రోజు పొద్దున్నే అతని పెళ్ళి. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి కొత్త పెళ్ళాంతో వేరే ఊరు వెళ్ళి కొట్టు పెట్టుకుని బతుకుదామని సిద్ధమయ్యాడు. అంతలో కబురొచ్చింది. తను పట్టించి జైలుకి పంపిన ఫ్రాంక్ మిల్లర్ అనే హంతకుడు విడుదలై మధ్యాహ్నం పన్నెండు గంటల రైలుకి వస్తున్నాడు. అతని మనుషులు ముగ్గురు స్టేషన్లో కాచుకుని కూర్చున్నారు. పగ తీర్చుకోవడానికే వస్తున్నాడని ఊరంతటికీ తెలుసు. పారిపొమ్మని అందరూ అంటారు. కొంత దూరం వెళ్ళి కూడా కేన్ బండి వెనక్కి తిప్పుతాడు. అక్కణ్ణించి ఇల్లిల్లూ తిరిగి నాకు తోడు రండి అని అడుగుతాడు. న్యాయమూర్తి మూటాముల్లె సర్దుకుంటాడు. కింది ఉద్యోగి బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోతాడు. చర్చిలో పెద్దమనుషులు సభ పెట్టి, నువ్వు మంచివాడివే కానీ ఊరు వదిలి వెళ్ళడమే మంచిదంటారు. తెర మీద మాటిమాటికీ గడియారం కనిపిస్తుంది. కథలో గడిచే కాలమూ మనం చూస్తున్న కాలమూ దాదాపు ఒకటే. అందుకే చూస్తున్నవాళ్ళకి కూడా పన్నెండు కొడుతుందేమోనని గుండె దడ.

అప్పుడొచ్చింది ఆ దృశ్యం. కేన్ తన స్నేహితుడు శామ్ ఫుల్లర్ ఇంటికి వస్తున్నాడు. శామ్ కిటికీలోంచి చూసి, పెళ్ళాం మిల్డ్రెడ్‌తో, నేను ఇంట్లో లేనని చెప్పు అంటాడు. ఆమె చెప్పలేనంటుంది. అతను గదమాయిస్తాడు. ఆమె తలుపు తీసి, కళ్ళు ఎత్తలేక, ఆయన ఇంట్లో లేరని చెప్తుంది. కేన్‌కి అర్థమైపోతుంది. ఆమెకి కూడా, ఇతనికి అర్థమైందని అర్థమవుతుంది. అతను వెళ్ళిపోయాక మొగుడు బయటికొచ్చి, ఏం, నేను చావాలా, నువ్వు విధవరాలివి కావాలా అని ఎదురు కోప్పడతాడు. ఇదంతా రెండు నిమిషాలు కూడా ఉండదు.

నా చేతిలో రేకు విరిగిపోయింది. ఎందుకో తరవాత చెప్తాను.

సినిమా అయ్యాక అత్తగారు నెయ్యి చేతులు తుడుచుకుంటూ, "ఇది మన పులిదిండి కథే కదే" అన్నారు. మా అమ్మాయి నవ్వింది. "మామ్మా, అది అమెరికా" అంది. "ఏ ఊరైతేనేం. రేవు దాటించే కిష్టయ్యకి బదులు గుర్రమెక్కే ఆయన్ని పెట్టారు. కృష్ణది అదే కథ" అన్నారు ఆవిడ ఖాయంగా.

ఇంగ్లీషు రాని మా అత్తగారు చెప్పింది అక్షరాలా నిజం. కాకపోతే వరస తిరగేసి చెప్పారు. అమెరికా సినిమా ముందు, మన సినిమా తరవాత. 1967 జూలై 1న విడుదలైన 'సాక్షి' బాపు గారి మొదటి సినిమా. కథ, మాటలు ముళ్ళపూడి వెంకటరమణ గారివి. దానికి స్ఫూర్తి ఇచ్చింది ఈ 'హై నూన్' అని చెబుతారు. తీసింది మాత్రం మద్రాసు స్టూడియోలో కాదు, మా ఆత్రేయపురం మండలంలోనే ఉన్న పులిదిండిలో. హాలీవుడ్ కథ ఒకటి సముద్రాలు దాటొచ్చి మా పక్క ఊళ్ళో పంచె కట్టుకుందన్నమాట.

అత్తగారి పుట్టిల్లు పులిదిండికి దగ్గరే. అప్పటికి ఆవిడకి పద్నాలుగేళ్ళు. షూటింగంటే ఏమిటో చూద్దామని నలుగురు ఆడపిల్లలు కలిసి కాలవ గట్టు పట్టుకుని నడిచి వెళ్ళారట. "ఏం చూశారు?" అంటే, "వీపులు చూశాను. అందరివీ వీపులే. మధ్యలో ఒక్కసారి గొడుగు కనిపించింది" అన్నారు. ఇంటికొచ్చాక మాత్రం తిట్లు గట్టిగానే పడ్డాయట.

ఒక ఊరికి సినిమావాళ్ళు రావడం అప్పట్లో ఎంత వింతో ఇప్పటి పిల్లలకి తెలీదు. మా లొల్ల లాకుల దగ్గర ఏడాదికి ఎన్ని షూటింగులు జరుగుతాయో లెక్క లేదు ఇప్పుడు. ఆ రోజుల్లో తెలుగు సినిమా అంటే స్టూడియో. మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది, బొంబాయిలో తీశారు. తరవాత కొన్ని కలకత్తాలో. మా గోదావరి ఒడ్డున రాజమండ్రిలో 1936లోనే నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ అని స్టూడియో పెట్టారు గానీ, చివరికి సినిమా అంతా మద్రాసు చేరిపోయింది. వాహినీ, విజయా, భరణీ. వాహినీ స్టూడియోకి ఆసియాలోకెల్లా పెద్దవాటిలో ఒకటని పేరు. 'పాతాళభైరవి', 'మిస్సమ్మ', 'మాయాబజార్', మన అమ్మమ్మల దగ్గర్నించి మన మనవల దాకా చూసే సినిమాలన్నీ ఆ గోడల మధ్య పుట్టినవే. హాలీవుడ్‌లో లాగే ఇక్కడా నటులూ రచయితలూ నెలజీతాల మీద, ఒప్పందాల మీద పనిచేసిన కాలం ఉంది. చంద్రుణ్ణి కూడా లోపలే పుట్టించుకునేవారు. మార్కస్ బార్ట్లీ గారి వెన్నెల చూసి నిజం వెన్నెల చిన్నబోయేది. పల్లెటూరు కావాలన్నా అంతే. గడ్డి ఇళ్ళూ, బావీ, రావిచెట్టూ అక్కడే వేసుకునేవారు.

ఆ గోడ దాటి గోదావరి దాకా వచ్చినవాళ్ళలో ఆదుర్తి సుబ్బారావు గారు ముందుంటారు. 1964లో వచ్చిన 'మూగమనసులు' మీరు చూసే ఉంటారు. ఆ సినిమా కథలో రమణ గారి చెయ్యి ఉంది. ఆయన పుట్టింది ధవళేశ్వరంలో. మాకు బ్యారేజీ అవతలి గట్టు. బాపు గారిది నరసాపురం. ఇద్దరికీ గోదావరి ఎక్కణ్ణించి చూస్తే బావుంటుందో ఒకరు చెప్పక్కర్లేదు. బాపు గారు అంతకు ముందు ఏ దర్శకుడి దగ్గరా పనిచెయ్యలేదు. బొమ్మలేసే ఆయన. తియ్యబోయే దృశ్యాలు ముందుగా బొమ్మలుగా గీసుకుని తియ్యడం ఆయన పద్ధతి. 'సాక్షి' మొత్తం ఊళ్ళోనే తీశారు. నటులకి మేకప్ లేదు. ఊరి ఇళ్ళు, ఊరి రేవు, జనంలో ఊరివాళ్ళు. 1968లో తాష్కెంట్ చిత్రోత్సవంలో చూపించారు దాన్ని. పులిదిండి రేవుని తాష్కెంట్‌లో చూశారంటే మా అత్తగారు ఇప్పటికీ నమ్మరు.

చిత్రం ఏమిటంటే, 'హై నూన్' కూడా ఇలా తీసిందే. అక్కడి ఊరు మాత్రం నిజం ఊరు కాదు, బర్బాంక్‌లో కొలంబియా స్టూడియో వారి స్థలంలో ఉన్న సెట్టు వీధి. అయినా అందంగా కనిపించకూడదు, పాత ఫోటోల్లో లాగా ఎండకి తెల్లబోయిన ఆకాశం ఉండాలి, మొహాల మీద చెమటా ముడతలూ కనిపించాలి అని దర్శకుడు ఫ్రెడ్ జినెమన్, కెమెరామన్ ఫ్లాయిడ్ క్రాస్బీ పట్టుబట్టారు. గారీ కూపర్‌కి అప్పటికి యాభై ఏళ్ళు. ఒంట్లో బాగాలేదు కూడా. మేకప్ లేకుండా ఆ నలిగిన మొహాన్నే చూపించారు. ఎంతో అందగాడని పేరున్న హీరో. అతని భయం మొహంలో కనిపిస్తుంది. అందుకే ఆ ఏడు ఉత్తమ నటుడిగా ఆస్కార్ ఆయనకే వచ్చింది. సినిమాకి మొత్తం నాలుగు.

ఆ సినిమా వెనక ఇంకో కథ ఉంది. సినిమా కంటే అదే నన్ను ఎక్కువ పట్టుకుంది. రాసిన ఆయన పేరు కార్ల్ ఫోర్మన్. అమెరికాలో అది కమ్యూనిస్టులను వెతికి పట్టుకునే కాలం. పార్లమెంటు కమిటీ ఒకటి సినిమావాళ్ళని పిలిచి, నీతో పాటు ఎవరెవరున్నారో పేర్లు చెప్పమనేది. చెప్పినవాడికి పని దొరుకుతుంది. చెప్పనివాడికి ఏ స్టూడియో తలుపూ తెరుచుకోదు. 'హై నూన్' తీస్తుండగానే, 1951 సెప్టెంబరులో, ఫోర్మన్‌ని పిలిచారు. ఆయన పేర్లు చెప్పలేదు. నిన్నటి దాకా భుజాల మీద చేతులేసిన స్నేహితులు తప్పుకున్నారు. సంస్థలో భాగస్వామే ఆయన్ని బయటికి పంపించేశాడు. అంటే విల్ కేన్ ఇల్లిల్లూ తిరిగి తలుపు కొట్టే దృశ్యాలున్న సినిమా తయారవుతుంటే, ఆ రాసినాయన మొహం మీదే తలుపులు పడుతున్నాయి. రాజకీయాల్లో అవతలి పక్షంవాడైన గారీ కూపర్ మాత్రం ఆయన మంచివాడేనని గట్టిగానే అన్నాడు. చివరికి ఫోర్మన్ ఇంగ్లాండు వెళ్ళిపోయారు. అక్కణ్ణించి ఇంకొకాయనతో కలిసి 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' రాస్తే, తెర మీద పేరు పడలేదు. దానికొచ్చిన ఆస్కార్ నవల రాసినాయన పేరు మీద ఇచ్చారు. 1984లో ఫోర్మన్ పోయాకే ఆ గౌరవం ఆయన పేరు మీదికి తిరిగొచ్చింది.

జినెమన్‌ది ఇంకో దుఃఖం. యూరప్ నుంచి వచ్చిన యూదు ఆయన. ఆయన తల్లిదండ్రులు ఇద్దరూ హిట్లర్ కాలపు మారణహోమంలో పోయారు. పక్కింటివాడు తలుపేసుకుంటే ఏం జరుగుతుందో ఆయనకి ఒకరు చెప్పాలా?

అందరికీ ఈ సినిమా నచ్చలేదు. జాన్ వేన్‌కి అసలు నచ్చలేదు. అమెరికా జనం ఇంత పిరికివాళ్ళా అని ఆయన కోపం. దర్శకుడు హోవర్డ్ హాక్స్‌దీ అదే బాధ. మంచి అధికారి సాయం కోసం ఊరంతా తిరగడని ఆయన వాదన. దానికి జవాబుగా ఇద్దరూ కలిసి 1959లో 'రియో బ్రావో' తీశారు. తమాషా ఏమిటంటే, కూపర్ ఊళ్ళో లేకపోతే ఆయన ఆస్కార్ బహుమతిని వేదికెక్కి అందుకున్నది ఈ జాన్ వేనే.

మగవాళ్ళు ఈ సినిమాని ఒంటరి మగాడి కథగా చెప్పుకుంటారు. నేను చాప మీద కూర్చుని చూశాను కాబట్టో ఏమో, నాకు అందులో ఆడవాళ్ళే కనిపించారు. చర్చి సభలో మగవాళ్ళు గొణుక్కుంటుంటే ఒకావిడ లేచి, ఒకప్పుడు ఈ ఊళ్ళో ఆడది పట్టపగలు వీధిలో నడవలేకపోయేది, అది మర్చిపోయారా అని అడుగుతుంది. హెలెన్ రమిరెజ్ అని మెక్సికో నుంచి వచ్చిన వ్యాపారస్తురాలు ఉంది. ఊరు ఆవిణ్ణి ఎప్పుడూ లోపలికి రానివ్వలేదు. ఊళ్ళో ఎవరెంతటివాళ్ళో అందరికంటే ముందు ఆవిడే గ్రహిస్తుంది. ఆ వేషం వేసిన కేటీ హురాడోకి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. కొత్త పెళ్ళికూతురు ఏమీ, గ్రేస్ కెలీ, సినిమా తీసేనాటికి ఇరవై ఒక్కేళ్ళ పిల్ల. కాల్పుల్లో తండ్రినీ అన్ననీ పోగొట్టుకుని, తుపాకీ ముట్టుకోకూడదనే మతం పట్టుకుంది. మొగుడు వినలేదని రైలెక్కి కూర్చుంటుంది. మొదటి తుపాకీ చప్పుడు వినపడగానే దిగి పరిగెడుతుంది. ఊళ్ళో ఇంతమంది మగవాళ్ళుండగా అతనికి తోడుగా వచ్చింది ఆ ఒక్కతే.

మన 'సాక్షి'లోనూ అంతే. కిష్టయ్య అమాయకుడు. ఫకీరు చేసిన హత్య కళ్ళారా చూసి, చూసింది చూసినట్టు చెప్పాడు. ఆ ఫకీరు పగతో తిరిగొస్తున్నాడంటే, అండగా నిలవాల్సిన ఊరు తలుపులేసుకుంది. నిలబడింది ఎవరయ్యా అంటే, ఆ హంతకుడి సొంత చెల్లెలు చుక్కి. రేపు పొద్దుటికి ఉంటాడో లేడో తెలియని మనిషి చేత గుళ్ళో తాళి కట్టించుకుంటుంది. 'హై నూన్' పెళ్ళితో మొదలవుతుంది. చావు ఎదురుగా ఉందని తెలియనప్పుడు జరిగిన పెళ్ళి అది. బాపు రమణలు పెళ్ళిని చావు ఎదుటికి తీసుకొచ్చి పెట్టారు. అన్నీ తెలిసీ ఆ పిల్ల మెడ వంచింది. తెచ్చుకున్న కథలో వాళ్ళు చేసిన పెద్ద మార్పు ఇదేనని నాకనిపిస్తుంది. ఆరుద్ర గారి పాట, సుశీల గారి గొంతు, మహదేవన్ గారి బాణీ. మా అత్తగారు ఆ పాట వస్తే ఇప్పటికీ చేస్తున్న పని ఆపేస్తారు.

ఆ పెళ్ళి తీసింది పులిదిండిలోని మీసాల కృష్ణుడి గుళ్ళో. ఈ గుళ్ళో ఉత్తుత్తి పెళ్ళి చేసుకున్నా నిజమైపోతుందని రాజబాబు గారు అప్పుడే హాస్యమాడారని చెప్పుకుంటారు. కృష్ణ, విజయనిర్మల కలిసి చేసిన మొదటి సినిమా ఇది. తరవాత రెండేళ్ళకి నిజంగానే పెళ్ళి చేసుకున్నారు. విజయనిర్మల గారు అక్కడితో ఆగలేదు. 1973లో యద్దనపూడి గారి నవలతో 'మీనా' తీసి తెలుగులో దర్శకురాలయ్యారు. నలభై నాలుగు సినిమాలకి దర్శకత్వం చేసి గిన్నిస్ పుస్తకంలో ఎక్కారు. కృష్ణ గారేమో 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు'లో టోపీ పెట్టి గుర్రమెక్కారు. ఆ సినిమాకి స్ఫూర్తినిచ్చిన వాటిలో 'మెకన్నాస్ గోల్డ్' ఒకటి. అది రాసిందీ, నిర్మాతల్లో ఒకరూ ఎవరనుకున్నారు? పేర్లు చెప్పనన్న ఆ కార్ల్ ఫోర్మనే. కృష్ణ గారి జీవితంలోకి ఆయన రెండుసార్లు వచ్చి వెళ్ళారు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసో లేదో.

ఇక నా రేకు ఎందుకు విరిగిందో చెప్తాను.

ఆరేళ్ళ కిందట, వానాకాలం. మావారు చీకటి పడే వేళ పొలం నుంచి వస్తున్నారు. కాలవ గట్టు మీద ఒక ట్రాక్టరు సైకిలు మీద వెళ్తున్న మనిషిని గుద్దేసి ఆగకుండా పోయింది. పడ్డాయన కొబ్బరి దింపు పనికి వెళ్ళే మనిషి. మావారే ఇంకో ఇద్దర్ని పిలిచి ఆటో ఎక్కించారు. ప్రాణం పోలేదు గానీ తొడ ఎముక విరిగింది. ఆ ట్రాక్టరు ఎవరిదో మావారు చూశారు. నాకూ చెప్పారు. పలుకుబడి ఉన్న ఇల్లు. వాళ్ళ నీళ్ళ బోదె దాటకుండా మా చేలోకి నీళ్ళు రావు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆ మనిషి భార్య వచ్చింది. మావారు లోపల అన్నం తింటున్నారు. ఆవిడ గుమ్మంలో నిలబడి, "అయ్యగారు చూశారంట కదమ్మా. ఒక్క మాట చెబితే చాలు" అంది. లోపల కంచం జరిపిన చప్పుడైంది. మావారు లేవబోతున్నారని నాకు తెలుసు. నేను గుమ్మానికి అడ్డంగా జరిగి, "ఆయన ఇంట్లో లేరండీ" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. తల దించుకుంది. మెట్టు పక్కన మావారి చెప్పులున్నాయి, గట్టు బురదతో సహా. వాటి వంక ఒక్క క్షణం చూసింది. "సరేనమ్మా. వచ్చాక చెప్పండి" అని వెళ్ళిపోయింది. మావారు ఆ పూట అన్నం సగంలో వదిలేశారు. ఆ విషయం మేము మళ్ళీ ఎత్తలేదు. సాక్షుల్ని కాపాడడానికి 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన పథకం ఒకటి ఉందని నేను ఈ మధ్యే చదివాను. అప్పుడు తెలియదు. తెలిసినా అదే మాట అనేదాన్నేమో. పిల్ల చదువు, చేలో నీళ్ళు, రోజూ ఎదురయ్యే మొహాలు, ఇవే కనిపించాయి నాకు.

మిల్డ్రెడ్‌ని చూసినప్పుడు మొదట జాలేసింది. వెంటనే ఇంకో సంగతి తట్టింది. ఆమెకి మొగుడు చెప్పాడు, అలా అనమని. ఆమె చెప్పలేనంది కూడా. నాకెవరూ చెప్పలేదు. మావారు లేచే లోపల నేనే చెప్పేశాను. అంటే ఆ సినిమాలో నేను మిల్డ్రెడ్‌ని కాదు, కిటికీ వెనక దాక్కున్న శామ్‌ని. ఇన్నాళ్ళూ దానికి సంసారం కాపాడుకోవడం అని పేరు పెట్టుకున్నాను.

ఆ రాత్రి అత్తగారి కాళ్ళకి నూనె రాస్తూ ఇదంతా చెప్పాను. ఆవిడకి తెలియదేమో అనుకున్నాను. చాలాసేపు పలకలేదు. తరవాత, "ఆ రోజు నేను ఈ మంచం మీదే ఉన్నాను. మెలకువగానే ఉన్నాను. నేనూ ఏమీ అనలేదు కదే" అన్నారు. పద్నాలుగేళ్ళప్పుడు తిట్లు తిని మరీ చూసొచ్చిన కథ ఇంట్లోకి వస్తే, ఆవిడా నాలాగే గోడ వైపు తిరిగి పడుకున్నారన్నమాట.

నాలుగు రోజులు ఆలోచించి, ఒక ఆదివారం మావారిని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కేసు ఎప్పుడో రాజీ అయిపోయింది. ఎంతో కొంత ఇచ్చి సంతకం పెట్టించుకున్నారట. ఆయన ఇప్పుడు చెట్టెక్కలేడు. ఇంటి ముందు కూర్చుని కొబ్బరి ఈనెలు చీరి చీపుర్లు కడుతున్నాడు. మావారు, "నేను చూశాను. అప్పుడే చెప్పాల్సింది" అన్నారు. నేను, "ఆ రోజు ఈయన ఇంట్లోనే ఉన్నారమ్మా" అన్నాను. ఆవిడ, "తెలుసమ్మా" అంది. అంతే. ఇప్పుడెందుకొచ్చారనీ అనలేదు, ఫర్వాలేదనీ అనలేదు. చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తాగి వచ్చేశాం. మనసు తేలికపడిందని చెబితే అది కూడా అబద్ధమే అవుతుంది.

'హై నూన్' చివర్లో విల్ కేన్ తన బిళ్ళ తీసి దుమ్ములో పడేసి పెళ్ళాంతో బండెక్కి వెళ్ళిపోతాడు. అప్పటిదాకా దాక్కున్న ఊరంతా వచ్చి చుట్టూ నిలబడుతుంది. అతను ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడడు. ఆ మాట్లాడకపోవడం ఎంత బరువో నాకు ఆ చెంబెడు నీళ్ళు తాగుతున్నప్పుడు తెలిసింది.

వీలుంటే ఈ రెండు సినిమాలూ ఒకదాని తరవాత ఒకటి చూడండి. ముందు 'హై నూన్', తరవాత 'సాక్షి'. హీరోల్ని ఎలాగూ చూస్తారు. తలుపుల దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళని కూడా చూడండి. ఊరి ధైర్యం చర్చిలోనో రచ్చబండ దగ్గరో తేలుతుందనుకుంటాం గానీ, అందులో సగం మన గుమ్మాల్లోనే తేలిపోతుంది. తలుపు తీసేది మనమే కదా.

మా అమ్మాయి హైదరాబాదు వెళ్ళిపోయింది. మొన్న సాయంత్రం ఎవరో తలుపు కొట్టారు. మావారు లోపల పడుకుని ఉన్నారు. అలవాటుగా ఆ మాట నోటి దాకా వచ్చింది. వచ్చినాయన వినాయకుడి గుడి చందా అడిగే ఆయనే, పెద్ద విషయమేం కాదు.

"ఉన్నారండీ. కూర్చోండి, లేపుతాను" అన్నాను.